జైలు తర్వాత మైదానం: క్రీడాకారుడికి రెండో అవకాశం

7.1 ప్రవేశిక

నేరం, శిక్ష అనే విషయంపై గత పాఠంలో మూడు సిద్ధాంతాలను చదివారు. చేసిన తప్పుకు తగిన ఫలితం అనుభవించాలనేది ప్రతీకార సిద్ధాంతం. ఒకరికి పడిన శిక్షను చూసి మరొకరు భయపడాలనేది నిరోధక సిద్ధాంతం. తప్పు చేసిన మనిషిని తిరిగి సమాజంలో నిలబెట్టాలనేది సంస్కరణ సిద్ధాంతం. పుస్తకంలో చదివేటప్పుడు మూడూ సబబుగానే ఉంటాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒకే మనిషి మీద మూడింటినీ ఒకేసారి ప్రయోగించినప్పుడు అవి ఒకదానితో ఒకటి పొసగవు. ఈ పాఠంలో ఒక క్రికెట్ ఉదంతాన్ని కాస్త వివరంగా తీసుకొని, జైలుకు వెళ్లివచ్చిన క్రీడాకారుడికి మళ్లీ ఆడే అవకాశం ఇవ్వాలా, ఇస్తే ఎంతవరకు ఇవ్వాలి అన్నది పరిశీలిద్దాం.

క్రీడాకారులే ఎందుకు? జైలు నుంచి విడుదలైన ఒక వడ్రంగి మళ్లీ ఉలి పట్టుకుంటే ఎవరూ వ్యాసాలు రాయరు. క్రీడాకారుడు తిరిగి వస్తే లక్షలమంది చూస్తారు, చప్పట్లు కొడతారు, పిల్లలు అతడి పేరున్న చొక్కా వేసుకుంటారు. అతడికి దొరికేది కేవలం జీవనోపాధి కాదు, గౌరవం కూడా. వాదమంతా నిజానికి ఈ రెండో దాని గురించే.

7.2 లార్డ్స్ మైదానం, 2010

2010 ఆగస్టు చివరి వారంలో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్, పాకిస్తాన్ జట్ల మధ్య టెస్టు మ్యాచ్ జరిగింది. పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ ఆమిర్ వయసు అప్పటికి 18 ఏళ్లు. ఆ మ్యాచ్ తొలి ఇన్నింగ్స్‌లో అతడు 84 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. టెస్టుల్లో 50 వికెట్లు పూర్తిచేసిన అతి పిన్న వయస్కుడయ్యాడు. అదే మ్యాచ్‌లో అతడు రెండు నోబాల్‌లు, సహచరుడు మహమ్మద్ ఆసిఫ్ ఒక నోబాల్ వేశారు. ఆ మూడూ ఏ ఓవర్లో ఎన్నో బంతికి పడతాయో ముందే నిర్ణయమై ఉంది. కెప్టెన్ సల్మాన్ బట్‌కు ఆ సంగతి తెలుసు. మజహర్ మజీద్ అనే ఏజెంటు ఒక ధనవంతుడికి ఆ వివరాలు ముందుగా చెప్పి లక్షా 50 వేల పౌండ్లు తీసుకున్నాడు. ఆ ధనవంతుడు 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' పత్రిక పంపిన మారువేషపు విలేఖరి. పత్రిక గుర్తుపెట్టి ఇచ్చిన నోట్లలో కొన్ని బట్, ఆమిర్‌ల హోటల్ గదుల్లో దొరికాయి.

మూడు నోబాల్‌లతో ఇంగ్లండ్‌కు కలిసివచ్చింది మూడు పరుగులు. ఇంగ్లండ్ ఆ మ్యాచ్‌ను ఇన్నింగ్స్ 225 పరుగుల తేడాతో గెలిచింది. అంటే ఫలితం మారలేదు. మరి నష్టం ఏమిటి? ఇది విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. దీనినే స్పాట్ ఫిక్సింగ్ అంటారు. మ్యాచ్ గెలుపోటములను కాకుండా ఒక చిన్న సంఘటనను ముందే ఖాయం చేయడం. దాని మీద పందెం కాసేవారిలో ఒకరికి జవాబు ముందే తెలుసు, మిగతావారికి తెలియదు. కాబట్టి మొదటి నష్టం మోసపోయిన పందెందారులది. ఇంగ్లండ్‌లో పందెం చట్టబద్ధం కనుక ఈ మోసం అక్కడ స్పష్టమైన నేరం. రెండో నష్టం అంతకంటె పెద్దది. ఆ మ్యాచ్‌లో స్టువర్ట్ బ్రాడ్ 169 పరుగులు, ట్రాట్ 184 పరుగులు చేశారు. ఎనిమిదో వికెట్‌కు వారిద్దరూ 332 పరుగులు జోడించారు. బ్రాడ్ జీవితంలో అదే ఏకైక టెస్టు శతకం. ఆ స్కోరు గురించి మాట్లాడే ప్రతివారూ ఈనాటికీ ఆ నోబాల్‌లను గుర్తుచేసుకుంటారు. నిజాయితీగా ఆడినవాడి కష్టం మీద కూడా అనుమానం పడటం ఈ నేరం చేసే అసలు హాని.

7.3 రెండు శిక్షలు

ఇక్కడ విద్యార్థి జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ ముగ్గురికీ రెండు వేర్వేరు శిక్షలు పడ్డాయి. ఒకటి క్రీడా సంస్థ విధించినది, రెండోది న్యాయస్థానం విధించినది. చర్చల్లో ఈ రెంటినీ కలిపేయడం వల్లనే సగం గందరగోళం పుడుతుంది.

అంతర్జాతీయ క్రికెట్ మండలి నియమించిన ట్రిబ్యునల్ దోహాలో విచారణ జరిపి, 2011 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. బట్‌కు 10 ఏళ్ల నిషేధం, అందులో 5 ఏళ్లు సస్పెండ్ చేశారు. ఆసిఫ్‌కు 7 ఏళ్లు, అందులో 2 ఏళ్లు సస్పెండ్ చేశారు. ఆమిర్‌కు 5 ఏళ్లు. లెక్క చూస్తే ముగ్గురూ మైదానానికి దూరమయ్యే కాలం సమానంగా ఐదేళ్లే. దీనికి కారణం మండలి నియమావళి ప్రకారం ఈ నేరానికి కనీస నిషేధమే ఐదేళ్లు. కుర్రవాడికి అంతకంటె తక్కువ ఇచ్చే వీలు తమకు లేదని ట్రిబ్యునల్ స్వయంగా చెప్పి, నియమాన్ని పునరాలోచించమని సూచించింది.

ఆ తర్వాత లండన్‌లోని సదక్ క్రౌన్ కోర్టులో క్రిమినల్ విచారణ జరిగింది. బట్, ఆసిఫ్ నేరం ఒప్పుకోలేదు, జ్యూరీ వారిని దోషులుగా తేల్చింది. ఆమిర్, మజీద్ నేరం అంగీకరించారు. 2011 నవంబర్ 3న శిక్షలు ఖరారయ్యాయి: బట్‌కు 30 నెలలు, ఆసిఫ్‌కు ఒక సంవత్సరం, ఆమిర్‌కు 6 నెలలు, మజీద్‌కు 2 సంవత్సరాల 8 నెలలు. ఆమిర్‌ను పెద్దల జైలుకు కాకుండా యువ నేరస్తుల కేంద్రానికి పంపారు. సగం కాలం గడిచాక 2012 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు.

క్రీడా సంస్థ దగ్గర మూడు శిక్షలు ఆచరణలో ఒకటే అయ్యాయి. న్యాయస్థానంలో మాత్రం తేడా స్పష్టంగా ఉంది. ప్రేరేపించినవాడు కెప్టెన్, కనుక అతడికి ఎక్కువ. చిన్నవాడు, గ్రామం నుంచి వచ్చినవాడు, కెప్టెన్ మాటకు ఎదురు చెప్పలేని స్థితిలో ఉన్నవాడు, నేరం ఒప్పుకున్నవాడు, కనుక ఆమిర్‌కు తక్కువ. ప్రతీకార సిద్ధాంతం కోరే 'తగినంత' అనే మాటకు న్యాయమూర్తి తీర్పులోనే ఎక్కువ అర్థం కనిపిస్తుంది.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. ఆమిర్ నిజం ఒప్పుకున్నాడని మెచ్చుకునేవారు అతడు ఎప్పుడు ఒప్పుకున్నాడో చూడాలి. దోహా ట్రిబ్యునల్ ముందు అతడు కూడా నేరాన్ని కాదన్నాడు. క్రిమినల్ కేసు మెడకు చుట్టుకున్న తర్వాతే ఒప్పుకున్నాడు. బట్, ఆసిఫ్ బహిరంగంగా ఒప్పుకున్నది మరీ ఆలస్యంగా, 2013లో. పశ్చాత్తాపం మనసులోది, దానిని కొలిచే తూకం లేదు. కానీ అది బయటపడిన వేళ మాత్రం రికార్డులో ఉంటుంది.

ఇంకొక విడ్డూరం. వలపన్నిన పత్రిక ఫోన్ల హ్యాకింగ్ కుంభకోణంలో చిక్కుకొని 2011 జూలైలో మూతపడింది. మారువేషపు విలేఖరి మజహర్ మహమూద్ మరో కేసులో న్యాయప్రక్రియను వక్రీకరించే కుట్రకు పాల్పడినందుకు 2016లో 15 నెలల జైలుశిక్షకు గురయ్యాడు. అంతమాత్రాన లార్డ్స్‌లో దొరికిన సాక్ష్యం అబద్ధం కాలేదు.

7.4 ముగ్గురి పునరాగమనం

నిషేధకాలం 2015 సెప్టెంబర్‌లో ముగిసింది. ఆమిర్‌కు దేశవాళీ క్రికెట్ ఆడేందుకు కొన్ని నెలల ముందే, 2015 జనవరిలో అనుమతి దొరికింది. అయితే పాత జట్టు అతడిని చేతులు చాచి ఆహ్వానించలేదు. 2015 డిసెంబర్‌లో లాహోర్‌లో శిక్షణ శిబిరం ఏర్పాటు చేసినప్పుడు, ఆమిర్ ఉన్నచోటికి తాము రామని మహమ్మద్ హఫీజ్, వన్డే కెప్టెన్ అజహర్ అలీ ప్రకటించారు. అంతకుముందు బంగ్లాదేశ్ లీగులో ఆమిర్ ఉన్న జట్టు ఇవ్వజూపిన ఒప్పందాన్ని హఫీజ్ కాదన్నాడు. బోర్డు అధ్యక్షుడు నచ్చజెప్పాక ఇద్దరూ శిబిరానికి వచ్చారు. అజహర్ అలీ కెప్టెన్సీ వదులుకుంటానన్నా బోర్డు ఒప్పుకోలేదు.

వీరిద్దరినీ కఠినులుగా చిత్రించడం సులభం. నా అభిప్రాయంలో ఈ ఉదంతం మొత్తంలో అత్యంత విలువైన ప్రశ్న అడిగినది వారే. ఐదేళ్లు నిజాయితీగా ఆడినవారు, మోసంతో దేశానికి తలవంపులు తెచ్చిన సహచరుడి కోసం పక్కకు జరగాలా? జట్టులో పదకొండు స్థానాలే ఉంటాయి. ఒకరికి రెండో అవకాశం దొరికితే మరొకరికి మొదటి అవకాశం పోతుంది. జైలు నుంచి వచ్చిన వడ్రంగికి పని దొరికితే మరో వడ్రంగి పని పోనక్కరలేదు. జాతీయ జట్టులో మాత్రం తప్పకుండా పోతుంది. ఆ పోగొట్టుకున్న బౌలర్ పేరు ఏ చర్చలోనూ వినిపించదు.

ఆమిర్ 2016 జనవరిలో న్యూజిలాండ్‌లో పాకిస్తాన్ తరఫున మళ్లీ ఆడాడు. అదే ఏడాది జూలైలో లార్డ్స్‌లోనే టెస్టు క్రికెట్‌లోకి తిరిగి వచ్చాడు. పాకిస్తాన్ 75 పరుగులతో గెలిచిన ఆ మ్యాచ్‌లో చివరి వికెట్ అతడే తీశాడు. 2017 జూన్ 18న ఓవల్‌లో జరిగిన చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రోహిత్ శర్మ, విరాట్ కోహ్లి, శిఖర్ ధావన్ ముగ్గురినీ ఆమిర్ వెంటవెంటనే పెవిలియన్‌కు పంపాడు. భారత్ 180 పరుగుల తేడాతో ఓడింది. అదే ఫైనల్‌లో పాకిస్తాన్ తరఫున అజహర్ అలీ 59, హఫీజ్ అజేయంగా 57 పరుగులు చేశారు. శిబిరానికి రామన్నవారు, వద్దనిపించుకున్నవాడు కలిసి ఒకే కప్పు ఎత్తారు.

బట్, ఆసిఫ్ దేశవాళీ పోటీల్లో ఆడారు. జాతీయ జట్టు తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆసిఫ్‌కు ఇది తొలి మచ్చ కూడా కాదు. 2006లో నిషేధిత ఉత్ప్రేరకం కేసులో పడిన శిక్ష అప్పీలులో రద్దయింది. 2008 ఐపీఎల్‌లో మళ్లీ దొరికి ఏడాది నిషేధం అనుభవించాడు. అతడి విషయంలో మనం మాట్లాడుతున్నది రెండో అవకాశం గురించి కాదు, ఆ తర్వాతి దాని గురించి. బట్‌ను 2023 డిసెంబర్‌లో సెలెక్షన్ కమిటీకి సలహాదారుగా నియమించి, విమర్శలు రావడంతో మరుసటి రోజే బోర్డు వెనక్కి తీసుకుంది. నేరం జరిగి అప్పటికి 13 ఏళ్లు దాటింది.

ఇక్కడ కాసేపు చదవడం ఆపి ఆలోచించండి. ఆమిర్‌ను తీసుకొని మిగతా ఇద్దరిని తీసుకోకపోవడానికి మీరు ఏ కారణం చెబుతారు? వయసా, ఒప్పుకోలా, ప్రతిభా? మీ జవాబును నోట్సులో రాసుకొని తరువాతి భాగానికి వెళ్లండి.

7.5 ప్రతిభ కారణం కావచ్చా?

చాలామంది వయసు అని రాస్తారు. ఆ జవాబు తప్పు కాదు. 18 ఏళ్ల బౌలర్‌కు కెప్టెన్ అంటే పై అధికారి. అయినా నిజం కొంత చేదుగా ఉంటుంది. ఆమిర్ సాధారణ బౌలర్ అయి ఉంటే అతడి కోసం నియమావళి సవరించాలని, శిబిరానికి పిలవాలని అంత ఒత్తిడి వచ్చేదా? రాదని ఊహించడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. బంతిని రెండువైపులా తిప్పగల ఎడమచేతి బౌలర్లు అరుదు. అతడి కరుణార్హతను చూసిన కళ్లు అతడి వేగాన్ని కూడా చూశాయి.

ప్రతిభను బట్టి క్షమించడం సంస్కరణ సిద్ధాంతం కాదు, అది వ్యాపారం. అమెరికాలో మైఖేల్ విక్ ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. అట్లాంటా ఫాల్కన్స్ జట్టులో పేరుమోసిన ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ అయిన విక్ కుక్కల పందేల ముఠా నడిపి, పోట్లాడని కుక్కలను క్రూరంగా చంపించిన కేసులో 2007లో నేరం అంగీకరించాడు. 23 నెలల శిక్ష పడింది. స్వాధీనం చేసుకున్న కుక్కల సంరక్షణకు దాదాపు 9 లక్షల 28 వేల డాలర్లు చెల్లించమని కోర్టు ఆదేశించింది. జైలులో ఉండగానే దివాలా పిటిషన్ వేశాడు. 2009లో విడుదలై ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టులో చేరాడు. 2010 సీజన్‌కు ఉత్తమ పునరాగమన క్రీడాకారుడి పురస్కారం అందుకున్నాడు.

విక్ నేరం మైదానం బయటిది. ఆట నియమాలను అతడు మోసం చేయలేదు. ఆమిర్ మోసం చేసింది ఆటనే. దీన్నిబట్టి విక్ తిరిగి ఆడటంలో క్రీడా సంస్థకు అభ్యంతరం ఉండకూడదని, ఆమిర్ విషయంలోనే ఉండాలని వాదించవచ్చు. కానీ హింస తీవ్రత చూస్తే తూకం తలకిందులవుతుంది. విక్ విషయంలో మెచ్చదగిన అంశం ఒకటుంది. అతడి శిక్షలో జైలుతోపాటు నష్టపరిహారం ఉంది. విడుదలయ్యాక జంతుసంరక్షణ సంస్థతో కలిసి కుక్కపందేలకు వ్యతిరేకంగా బడిపిల్లల ముందు మాట్లాడాడు. అది మనసు మారడం వల్లనా, ఉద్యోగం కోసమా అని ఆనాడే చాలామంది అడిగారు. పని జరిగింది కదా అన్నది నా సమాధానం.

బాక్సర్ మైక్ టైసన్ విషయంలో ఆ సమాధానం కూడా పనికిరాదు. 1992లో అత్యాచార నేరంపై దోషిగా తేలి, 1995లో విడుదలై, అదే ఏడాది బరిలోకి దిగాడు, మరుసటి ఏడాది ప్రపంచ టైటిల్ గెలిచాడు. నేరం మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు. శిక్ష పూర్తయ్యాక పనిచేసుకునే హక్కు అతడికి ఉంది. కానీ ఆ చప్పట్లన్నీ వింటూ ఫిర్యాదుదారు ఎలా బతికి ఉంటుందన్న ప్రశ్న ఆ సంబరంలో ఎవరూ అడగలేదు. రెండో అవకాశం ఇచ్చేది సాధారణంగా నష్టపోయినవారు కాదు, లాభపడేవారు.

7.6 భయం పనిచేసిందా?

ఆమిర్‌ను తిరిగి తీసుకుంటే యువకులకు తప్పుడు సంకేతం వెళ్తుందని విమర్శకులు హెచ్చరించారు. 2017 ఫిబ్రవరిలో పాకిస్తాన్ సూపర్ లీగులో కొత్త స్పాట్ ఫిక్సింగ్ వ్యవహారం బయటపడింది. షర్జీల్ ఖాన్, ఖాలిద్ లతీఫ్ తదితరులపై నిషేధాలు పడ్డాయి. ఆ వ్యవహారంలోనే నాసిర్ జంషెడ్‌కు 2020లో మాంచెస్టర్ కోర్టు 17 నెలల జైలుశిక్ష విధించింది. చూశారా, మేం చెప్పలేదా అన్నారు విమర్శకులు.

ఈ వాదంలో లోపం ఉంది. కొత్త దోషులు చూసింది ఆమిర్ పునరాగమనాన్ని మాత్రమే కాదు. ముగ్గురు సహచరులు విదేశంలో జైలుకు వెళ్లడాన్ని, ఇద్దరు శాశ్వతంగా జట్టుకు దూరమవడాన్ని కూడా చూశారు. అయినా ఆగలేదు. పునరాగమనం నేరాన్ని ప్రోత్సహించిందని ఈ ఉదాహరణతో రుజువు చేయలేనట్టే, జైలు నేరాన్ని ఆపిందనీ రుజువు చేయలేం. శిక్ష ఎంత పెద్దదన్న దానికంటె పట్టుబడతామన్న నమ్మకం ఎంత గట్టిదన్నదే మనిషిని ఆపుతుందని నేరశాస్త్రం చెబుతుంది. లార్డ్స్‌లో పట్టుకున్నది క్రికెట్ మండలి కాదు, ఒక వార్తాపత్రిక. నిరోధక సిద్ధాంతాన్ని నమ్మేవారిని ఎక్కువగా కలవరపెట్టాల్సింది ఈ విషయమే.

7.7 మన దేశంలో

భారతదేశంలో మ్యాచ్ ఫిక్సింగ్‌ను నేరుగా నేరంగా పేర్కొనే ప్రత్యేక చట్టం లేని లోటును జాతీయ లా కమిషన్ 2018 జూలైలో సమర్పించిన 276వ నివేదికలో ప్రస్తావించి, దాన్ని క్రిమినల్ నేరంగా చేయాలని సిఫారసు చేసింది. 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు ఒక లీగ్ కేసులో, ఫిక్సింగ్ క్రమశిక్షణారాహిత్యమే తప్ప భారత శిక్షాస్మృతిలోని మోసం సెక్షన్ కిందికి రాదని తీర్పు ఇచ్చింది. అందువల్ల ఇక్కడ బరువంతా క్రికెట్ బోర్డు నిషేధం మీదనే పడుతుంది.

శ్రీశాంత్ ఉదంతం అందుకు నిదర్శనం. 2013 మే నెలలో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో అరెస్టయి తీహార్ జైలులో విచారణ ఖైదీగా ఉన్నాడు. బోర్డు జీవితకాల నిషేధం విధించింది. 2015లో ఢిల్లీ కోర్టు అతడిని కేసు నుంచి విముక్తుడిని చేసింది, అయినా నిషేధం కొనసాగింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు జీవితకాల నిషేధాన్ని పక్కనపెట్టి, శిక్ష పరిమాణాన్ని మూడు నెలల్లో పునఃపరిశీలించమని బోర్డును ఆదేశించింది. బోర్డు అంబుడ్స్‌మన్ దాన్ని ఏడేళ్లకు తగ్గించారు. 2021 జనవరిలో కేరళ తరఫున ఆడే నాటికి శ్రీశాంత్‌కు 38 ఏళ్లు నిండబోతున్నాయి. ఫాస్ట్ బౌలర్‌కు ఏడేళ్ల నిషేధం, జీవితకాల నిషేధం మధ్య తేడా కాగితం మీదే ఎక్కువ. గుమాస్తాకు పడే ఏడేళ్లతో దీన్ని పోల్చకూడదు.

హైదరాబాదీ అజహరుద్దీన్ జైలుకు వెళ్లలేదు కనుక అతడిది కొంత వేరు విషయం. 2000లో పడిన జీవితకాల నిషేధం చెల్లదని 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి ఆడే వయసు దాటిపోయింది. 2019లో హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యాడు.

'రెండో అవకాశం' అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు దాగి ఉన్నాయని ఈ ఉదాహరణల వల్ల తెలుస్తుంది. తనకు వచ్చిన విద్యతో బతికే అవకాశం ఒకటి. దేశం పేరు ధరించే గౌరవం ఇంకొకటి. ఇతరులను ఎంపిక చేసే, నడిపించే అధికారం మరొకటి. శిక్ష పూర్తిచేసినవాడికి మొదటిదాన్ని నిరాకరించడం రెండోసారి శిక్షించడమే అవుతుంది. ఆమిర్ దేశవాళీ క్రికెట్ ఆడటాన్ని అందుకే నేను పూర్తిగా సమర్థిస్తాను. రెండోది హక్కు కాదు. ఏ క్రీడాకారుడికీ అది హక్కు కాదు, మచ్చలేనివాడికి కూడా. అక్కడ హఫీజ్, అజహర్ అలీ మాట వినవలసినంత బరువైనది. మూడోది నమ్మకం మీద నడిచేది. కెప్టెన్‌గా ఆ నమ్మకాన్నే అమ్ముకున్న బట్ విషయంలో పాకిస్తాన్ బోర్డు ఒక్క రోజులో వెనక్కి తగ్గడం సరైనదే, నియమించడానికి ముందే ఆ ఆలోచన రావలసింది.

పేరులేని ఖైదీకి ఈ మూడింట్లో మొదటిదే కష్టం. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైనవారు నింపే ధ్రువీకరణ పత్రంలో అరెస్టులు, కేసులు, శిక్షల వివరాలు అడుగుతారు. ఈ విషయమై 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వివరాలు సరిగా చెప్పాలి. చెప్పినా పూర్వాపరాలు చూసి నిర్ణయించే అధికారం యజమానికి ఉంటుంది. చిన్న వయసులో చేసిన స్వల్ప నేరాన్ని దాచినా యజమాని తన విచక్షణతో ఉపేక్షించవచ్చు. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో ఖైదీలు, విడుదలైనవారు పనిచేస్తున్నారు. అక్కడ బండికి పెట్రోలు పోయించుకొని వెళ్లే మనలో ఎవరూ పంపు పట్టుకున్న మనిషి రెండో అవకాశానికి అర్హుడా కాదా అని వాదించుకోం.

అభ్యాసం: మీ జిల్లా కబడ్డీ జట్టులో ఒక ఆటగాడు కొట్లాట కేసులో ఏడాది జైలుశిక్ష అనుభవించి తిరిగి వచ్చాడు. గాయపడిన వ్యక్తి అదే ఊరివాడు. ఎంపిక సంఘం సభ్యుడిగా, పైన చెప్పిన మూడు రకాల అవకాశాల్లో ఏది ఇస్తారో, ఏ షరతుతో ఇస్తారో, గాయపడిన వ్యక్తిని ముందుగా ఏమి అడుగుతారో 300 పదాలలో రాయండి.